పిండి ధూళి – శ్వాసకోశాల రక్షణ
(షోలాపూర్ పూర్వభాగంలో జరిగిన కార్మిక ఆరోగ్య సభలో ఒక వైద్యుడు చేసిన ఉపన్యాస పాఠం)



ఈ నగరంలో తెలుగువారి ఆరోగ్యాన్ని గురించి ఎవరు మాట్లాడినా మొదట మగ్గమే గుర్తుకు వస్తుంది. అది సహజమే. తెలంగాణ జిల్లాల నుండి మన పెద్దలు నూలు పనిని నమ్ముకొని ఇక్కడికి తరలివచ్చారు. షోలాపూర్ దుప్పటికి దేశమంతటా పేరు రావడంలో వారి చేతుల కష్టం ఎంతో ఉన్నది. అయితే నేను నేడు మాట్లాడబోయేది నూలు దుమ్మును గురించి కాదు, పిండి దుమ్మును గురించి. మగ్గం పని సన్నగిల్లిన ఇళ్ళ నుండి కొందరు గిర్నిలో చేరినారు, కొందరు బేకరీలో చేరినారు. కొందరు సోదరీమణులు జొన్న భాకరీలు చేసి అమ్ముతూ సంసారం నడుపుతున్నారు. వీరందరూ రోజూ పీల్చే గాలిలో పిండి ఉన్నది. దాని మాట మాత్రం మన సభల్లో ఇంతవరకు పెద్దగా రాలేదు.

గిర్ని అనే మాట మనకూ మరాఠీవారికీ ఉమ్మడి సొత్తు. ఇక్కడివారు నూలు మిల్లునూ గిర్ని అంటారు, పిండి మరనూ గిర్ని అంటారు. తెలంగాణ పల్లెల్లో ఆ మాట పిండి మరకే నిలిచిపోయింది. నూలు గిర్ని దుమ్ము రొమ్మును పాడుచేస్తుందని జూనీ మిల్లులోనూ, లక్ష్మీ, విష్ణు మిల్లులలోనూ పనిచేసిన మన తాతలకు అనుభవపూర్వకంగా తెలుసు. పిండి గిర్ని దుమ్ము విషయంలో మాత్రం మనకొక ధీమా ఉన్నది. అది తినే వస్తువే కదా, తినేదానిని పీలిస్తే ఏమవుతుంది అని. ఆ ధీమా సరికాదని చెప్పడమే నా మొదటి పని.

కడుపులోకి పోయిన పిండిని అరిగించడానికి రసాలున్నాయి. శ్వాసనాళంలోకి పోయిన పిండికి అటువంటి ఏర్పాటేమీ లేదు. అక్కడ శరీరం దానిని పరాయి వస్తువుగానే చూస్తుంది. తుమ్మి, దగ్గి, కఫం పుట్టించి బయటికి నెట్టాలని ప్రయత్నిస్తుంది. రోజూ ఎనిమిది, పది గంటలు ఆ ప్రయత్నం సాగితే చివరకు అలసిపోయేది శ్వాసనాళాలే.

ఇది కొత్తగా కనుగొన్న సంగతి కాదు. 1700వ సంవత్సరంలో ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్దినో రామజ్జిని పనివారి వ్యాధులను గురించి ఒక గ్రంథం ప్రకటించాడు. అందులో రొట్టెలు కాల్చేవారికి, పిండి విసిరేవారికి ఒక అధ్యాయమే కేటాయించాడు. రోగి వచ్చినప్పుడు వైద్యుడు అడిగే ఇతర ప్రశ్నలతోపాటు, నీవు చేసే పని ఏమిటి అని కూడా అడిగి తీరవలెనని బోధించినవాడు ఆయనే. మూడు వందల ఏళ్ళు దాటినా మన ఆసుపత్రుల్లో ఆ ప్రశ్న అన్నివేళలా వినబడడం లేదు. పనివల్ల కలిగే ఉబ్బసానికి ప్రపంచమంతటా ముందు వరుసలో లెక్కించే కారణాలలో పిండి ధూళి ఒకటి.

ఆ దుమ్ములో ఏమున్నది?

పిండి దుమ్ము అంటే పిండి ఒక్కటే కాదు. గోధుమలోని మాంసకృత్తులు అందులో ఉంటాయి; ఎలర్జీ కలిగించడంలో వాటిదే పెద్ద పాలు. నిలువ ధాన్యంలో చేరే ముక్కుపురుగుల పొడి, కంటికి కనబడని నల్లుల అవశేషాలు, బూజు రేణువులు కూడా ఉంటాయి. బేకరీలలో రొట్టె బాగా పొంగడానికి మైదాలో కలిపే పొడులలో కొన్నిటియందు బూజు నుండి తీసిన అమైలేజ్ అనే పదార్థం ఉంటుంది. అది చిటికెడే అయినా ఎలర్జీ కలిగించడంలో గోధుమకు తీసిపోదు. మన గిర్నీలలో గోధుమ, జొన్న మరల పక్కనే మిరపకాయలు దంచే యంత్రం కూడా ఉంటుంది. మిరప ఘాటు శ్వాసనాళాలను నేరుగా మండిస్తుంది.

మరొకటి చెప్పాలి. మర రాళ్ళు అరిగినప్పుడు వాటికి గంట్లు పెడతారు. ఆ సమయంలో లేచేది రాతి పొడి. రాయి జాతిని బట్టి అందులో సిలికా ఉండవచ్చు. సిలికా చేసే హాని పిండి చేసే హాని కంటే వేరు. అది ఊపిరితిత్తుల లోతుకు చేరి మచ్చలు కట్టిస్తుంది, ఆ మచ్చలు మానవు. కనుక గంట్లు పెట్టే పనిని గది లోపల, నలుగురి నడుమ, ముక్కుకు ఏ అడ్డమూ లేకుండా ఎన్నడూ చేయరాదు.

పాతకాలంలో మన ఇళ్ళలో తిరగలి ఉండేది. ఇంటికి కావలసిన పిండి ఇంట్లోనే విసురుకొనేవారు. అది కొద్దిపాటి పని, నెమ్మదిగా సాగేది. విద్యుత్తుతో తిరిగే మర నిమిషానికి కొన్ని వందల చుట్లు తిరుగుతుంది. రోజంతా తిరుగుతుంది. ఊరంతటి పిండి ఒక చిన్న గదిలో ఒకరిద్దరి ముఖాల ముందు రాలుతుంది. కష్టం తగ్గింది కాని, పీల్చే దుమ్ము పెరిగింది.

ఎంత దుమ్ము ఎక్కువ? గాలిని ఘనపు మీటర్లలో కొలుస్తారు. ఘనపు మీటరు అంటే పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్క మీటరు ఉన్న పెట్టె అనుకోండి. బ్రిటన్‌లో ఎనిమిది గంటల పనికి సగటున ఘనపు మీటరుకు 10 మిల్లీగ్రాముల పిండి ధూళిని చట్టబద్ధమైన పరిమితిగా ఉంచి, అక్కడితో ఆగక వీలైనంత తగ్గించవలెనని యజమానులను ఆదేశించారు. అమెరికాలోని పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం సూచించిన పరిమితి అంతకంటె చాల తక్కువ, 0.5 మిల్లీగ్రాము మాత్రమే. ఓ మోస్తరు శ్రమ చేసే మనిషి ఎనిమిది గంటల్లో సుమారు 10 ఘనపు మీటర్ల గాలి పీలుస్తాడు. అంటే ఆ రెండవ పరిమితి ప్రకారం రోజంతటికీ 5 మిల్లీగ్రాములు. అది చిటికెడు కూడా కాదు. ఖాళీ సంచి ఒకటి దులిపినప్పుడు ఎదుట లేచే తెల్లని మేఘాన్ని తలచుకొంటే మనం ఎక్కడ ఉన్నామో తెలుస్తుంది.

వ్యాధి ఎట్లా వస్తుంది?

పిండి ధూళి రెండు విధాలుగా బాధిస్తుంది. మొదటిది ఒరిపిడి. దుమ్ము ఎక్కువైతే ఎవరికైనా ముక్కు కారుతుంది, కళ్ళు మండుతాయి, దగ్గు వస్తుంది. దుమ్ము తగ్గితే ఈ బాధ తగ్గుతుంది. రెండవది ఎలర్జీ. ఇది అందరికీ రాదు. వచ్చినవారికి మొదటి రోజునే రాదు. కొన్ని నెలలు, ఒక్కొక్కప్పుడు కొన్ని సంవత్సరాలు పిండిలో పనిచేసిన తరువాత శరీరం దానిని శత్రువుగా గుర్తుపట్టడం మొదలుపెడుతుంది. ఒకసారి గుర్తుపట్టిన తరువాత పూర్వం హాయిగా ఓర్చుకొన్న కొద్దిపాటి దుమ్ము కూడా చాలు, శ్వాసనాళాలు బిగుసుకుపోతాయి. "పదేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, ఇప్పుడెందుకు వస్తుంది?" అని అడిగేవారికి సమాధానం ఇదే.

సాధారణంగా ముందు ముక్కు చెబుతుంది, తరువాత రొమ్ము చెబుతుంది. వరుస తుమ్ములు, ముక్కు దిబ్బడ, కళ్ళ దురద మొదట వస్తాయి. వాటిని జలుబని కొట్టిపారేస్తాము. తరువాత దగ్గు, ఆయాసం, రొమ్ము పట్టేసినట్లుండడం, ఊపిరి విడిచేటప్పుడు పిల్లికూతలు వస్తాయి. కొందరికి పనిలో ఉండగానే వస్తుంది. మరికొందరికి పని ముగిసిన కొన్ని గంటలకు, రాత్రి నిద్రలో వస్తుంది. అటువంటివారు ఇంటి తేమనో, ఫ్యాను గాలినో తప్పుపడతారు. పగలు పీల్చిన పిండే కారణమని వారికి తోచదు.

ఇక్కడ నూలు దుమ్ముకూ పిండి దుమ్ముకూ ఉన్న ఒక భేదాన్ని మన కుటుంబాలు తప్పక తెలుసుకోవాలి. నూలు దుమ్ము వల్ల వచ్చే బిసినోసిస్ అనే వ్యాధి సెలవు తరువాతి మొదటి రోజున ఎక్కువ బాధిస్తుంది. తొలిదశలో వారం గడిచేకొద్దీ తగ్గుతుంది. పిండి వల్ల వచ్చే ఉబ్బసం సాధారణంగా ఇందుకు విరుద్ధంగా నడుస్తుంది. వారం గడిచేకొద్దీ ముదురుతుంది, సెలవు రోజున తేలికపడుతుంది. సిద్ధేశ్వరుని గడ్డా యాత్రకో, మార్కండేయుని రథోత్సవానికో నాలుగు రోజులు పని మాని ఇంట ఉన్నప్పుడు దగ్గు తగ్గి, మళ్ళీ గిర్నిలో అడుగుపెట్టగానే తిరగబెట్టితే, కారణం పనిలోనే ఉన్నదని గట్టిగా అనుమానించాలి. వ్యాధి ముదిరిన తరువాత సెలవుల్లో కూడా తగ్గదు. కనుక ఈ తేడా కనబడుతున్న రోజుల్లోనే మేలుకోవడం అవసరం.

ఒక అనుమానం తీర్చాలి. పిండి పీలిస్తే ఉబ్బసం వచ్చేవారు సాధారణంగా రొట్టె తినవచ్చు. పథ్యం పేరుతో గోధుమలు మాని, దుమ్ములో మాత్రం నిలబడి ఉండడం వల్ల ప్రయోజనం లేదు.

వైద్యునితో ఏమి చెప్పాలి?

రెండు వారాలకు మించి దగ్గు ఉంటే మొదట కఫం పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో క్షయ పరీక్ష, చికిత్స ఉచితం. పిండిలో పనిచేసేవారికి క్షయ రాదని లేదు. ప్రతి దగ్గూ క్షయ అనీ కాదు. పరీక్షలో క్షయ లేదని తేలిన తరువాత కూడా దగ్గు సాగితే అక్కడ ఆగిపోకండి.

కేసు పేపరు రాసేటప్పుడు మీ పని ఏమిటో మీరే చెప్పండి, ఎవరూ అడగకపోయినా సరే. "కూలి" అని చెప్పవద్దు. "గిర్నిలో పిండి పడతాను, ఆరేళ్ళయింది, సెలవు రోజున దగ్గు తగ్గుతుంది" అని చెప్పండి. ఈ ఒక్క వాక్యం వైద్యునికి సగం దారి చూపుతుంది. ఎక్స్‌రే బాగున్నదన్నంత మాత్రాన వ్యాధి లేదని అనుకోవద్దు. ఉబ్బసం ఉన్నవారి ఎక్స్‌రే చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. గాలి ఊది చూసే స్పైరోమెట్రీ పరీక్ష కావాలి. పీక్ ఫ్లో మీటరు అనే చిన్న గొట్టం ఉన్నది. దానిలో రోజుకు నాలుగుసార్లు ఊది, వచ్చిన అంకెను మూడు, నాలుగు వారాలపాటు పని రోజుల్లోనూ సెలవుల్లోనూ రాసిపెట్టుకుంటే, పనికీ ఆయాసానికీ ఉన్న సంబంధం కాగితం మీద కనబడుతుంది. చర్మం మీద, రక్తంలో చేసే ఎలర్జీ పరీక్షలు కూడా తోడ్పడతాయి.

మందు విషయంలో మన ఇళ్ళలో ఒక భయం పాతుకొని ఉన్నది. పంపు అలవాటైతే జన్మంతా వదలదని. పంపు ద్వారా మందు కొద్ది మోతాదులో నేరుగా శ్వాసనాళాలకే చేరుతుంది. మాత్రలు, సూదులు ఒళ్ళంతా తిరుగుతాయి. అప్పటికప్పుడు ఆయాసం తగ్గించే పంపు వేరు, వాపు తగ్గించి ఆయాసం రాకుండా కాచే పంపు వేరు. రెండవదానిని బాగున్న రోజుల్లో కూడా వాడాలి. వైద్యుడు చెప్పకుండా మానరాదు. అయితే మందు వాడుతూ అదే దుమ్ములో కొనసాగడం ఒక చేత్తో నీళ్ళు పోస్తూ మరొక చేత్తో నిప్పు రాజేయడం వంటిది. ఎలర్జీ ఉబ్బసం నిర్ధారణ అయినవారు ఎంత త్వరగా పిండికి దూరమైతే అంతగా కోలుకొనే అవకాశం ఉన్నది. ఆలస్యమైతే పని మానిన తరువాత కూడా ఉబ్బసం నిలిచిపోవచ్చు. ఇక బీడీ, సిగరెట్టు మాట వేరే చెప్పనక్కరలేదు. దుమ్ము తిన్న ఊపిరితిత్తికి పొగ మరొక దెబ్బ.

"పని మానండి అని చెప్పడం మీకు సులువు, ఇల్లు గడిచేది ఎట్లా?" అని మీరు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనది. ఈ భయం వల్లనే ఎందరో దగ్గును దాచుకొంటున్నారు. యజమానికి తెలిస్తే పని పోతుందని, ఇంట్లో తెలిస్తే బెంగపడతారని నోరు మెదపరు. కనుక యజమానులకు నా మనవి. అనుభవమున్న పనివానిని పంపివేయకండి, అతని చోటు మార్చండి. తూకం, లెక్కలు, సరకు చేరవేత వంటి పనులు దుమ్ముకు దూరంగా పెట్టి అతనికి అప్పగించవచ్చు. చాలా గిర్నీలలో యజమాని కూడా పనివానితోపాటు మర ముందు నిలబడేవాడే. దుమ్ము ఇద్దరినీ వేరుగా చూడదు.

దుమ్ము లేవకుండా ఏమి చేయాలి?

ముక్కు కట్టుకోవడం చివరి ఉపాయం. దుమ్మును లేవనీయకపోవడం మొదటి ఉపాయం.

గిర్నిలో ధాన్యం పోసే తొట్టికి మూత ఉండాలి. పిండి రాలే మూతికి గుడ్డ గొట్టం చిరుగు లేకుండా, డబ్బా లోపలిదాకా దిగేటట్లు కట్టాలి. పిండి ఎంత ఎత్తు నుండి పడితే అంత దుమ్ము లేస్తుంది. గాలిని బయటికి తోసే ఫ్యాను మరకు దగ్గరగా, దుమ్ము మీ ముఖం ముందు నుండి కాక అవతలి వైపుగా పోయేటట్లు అమర్చాలి. ఆ గాలి పొరుగింటి కిటికీలోకి పోకుండా చూడాలి. బల్ల ఫ్యాను పిండికి ఎదురుగా పెట్టుకొంటే చల్లదనం కంటె దుమ్మే ఎక్కువ దక్కుతుంది. పొడి చీపురుతో ఊడ్చడం, సంచులు దులపడం, ఒంటి మీది పిండిని గాలి పైపుతో ఊదుకోవడం మానాలి. వాక్యూం యంత్రం ఉంటే మంచిది. లేకపోతే తడిగుడ్డతో తుడవాలి.

బేకరీలో మైదా సంచిని ఎత్తు నుండి కుమ్మరించకుండా, కలిపే తొట్టి అంచుకు ఆనించి నెమ్మదిగా వంచాలి. కలిపే యంత్రాన్ని పిండి తడిసేదాకా నెమ్మదిగా నడిపి, మూత వేసిన తరువాతనే వేగం పెంచాలి. బల్ల మీద పొడిపిండి గుప్పిళ్ళతో విసరకుండా జల్లెడతో కొద్దిగా చల్లాలి. కుదిరిన చోట పిండికి బదులు నూనె రాయాలి. భాకరీలు చేసే సోదరీమణులు కిటికీ, తలుపు తెరిచి, పొయ్యి పొగకూ పిండి దుమ్ముకూ బయటికి దారి ఉంచాలి.

దుమ్ము తప్పని పనులకు ఎన్95 తరగతి మాస్కు వాడాలి. ముఖానికి కట్టే చేతిరుమాలు, కొంగు పెద్ద రేణువులను కొంత ఆపుతాయేమో కాని సన్నని దుమ్మును ఆపలేవు. మాస్కు అంచు ముఖానికి అంటి ఉండాలి. గడ్డం ఉంటే అది సరిగా అంటదు. తడిసినదీ మూసుకుపోయినదీ పారవేయాలి. పని ముగిసిన తరువాత బట్టలు మార్చి ఇంటికి వెళ్ళాలి. మర గదికి పైనో, వెనుకనో కాపురముండేవారు పిల్లల పడకను ఆ గోడకు దూరంగా, తలుపు మూసిన గదిలో వేయాలి.

హక్కులు, విన్నపాలు

పని స్థలంలోని ఎలర్జీ పదార్థాల వల్ల వచ్చే ఉబ్బసం మన దేశపు చట్టాలకు తెలియనిది కాదు. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టపు మూడవ షెడ్యూలులోని వృత్తివ్యాధుల పట్టికలో దానికి చోటు కల్పించారు. 2020 నాటి సామాజిక భద్రతా సంహిత కూడా వృత్తివ్యాధుల పట్టికను తన మూడవ షెడ్యూలుగా ఉంచుకొన్నది. సాధారణంగా పదిమంది, అంతకు మించి పనివారున్న సంస్థలు ఈ.ఎస్.ఐ. పరిధిలోకి వస్తాయి. పెద్ద బేకరీలో పనిచేసేవారు తమ పేరు అందులో నమోదయిందో లేదో అడిగి తెలుసుకోవాలి. వేతనపు చీటీ, వైద్యుని కాగితాలు, పీక్ ఫ్లో అంకెల పుస్తకం జాగ్రత్త చేసుకోవాలి. కాగితం లేని హక్కు అడగడానికి అందదు.

కాని ఇద్దరు, ముగ్గురు పనిచేసే గల్లీ గిర్ని సాధారణంగా ఈ.ఎస్.ఐ. పరిధిలోకి రాదు. దానిని చూడగలిగినది నగరపాలక సంస్థ. వ్యాపార పరవానా ఇచ్చేది అదే కనుక. అందుచేత ఈ సభాముఖంగా మూడు విన్నపాలు చేస్తున్నాను. పరవానా ఇచ్చేటప్పుడూ, పునరుద్ధరించేటప్పుడూ గాలి బయటికి పోయే ఫ్యాను, తొట్టి మూత, గుడ్డ గొట్టం ఉన్నవో లేవో చూడాలి. లేనివారికి జరిమానా కంటే ముందు గడువూ సలహా ఇవ్వాలి. నగర ఆరోగ్య కేంద్రాలన్నిటా పీక్ ఫ్లో మీటరు, ఉబ్బసం పంపులు ఎల్లప్పుడూ దొరకాలి. కేసు పేపరు మీద పేరు, వయసు పక్కన చేసే పని రాయడానికి ఒక గడి ఉండాలి. అది మరాఠీ, తెలుగు, కన్నడ, ఉర్దూ మాట్లాడే రోగులందరికీ వారి మాటలోనే అడిగి నింపాలి.

మీ వంతుగా మీరు చేయగలిగినది ఒకటున్నది. ఈ వారం నుండే గోడకు వేలాడే క్యాలెండరు మీద దగ్గు వచ్చిన రోజున ఒక గీత, రాని రోజున ఒక చుక్క పెట్టండి. పనికి సెలవైన రోజుల చుట్టూ సున్నా చుట్టండి. నెల తరువాత చూస్తే గీతలన్నీ పని రోజుల మీదనే ఉన్నట్లయితే ఆ క్యాలెండరు తీసుకొని ఆరోగ్య కేంద్రానికి రండి. మేము చదవగలము.